తలతడి కూడలి

పూర్వం రేవణపురాన్ని ఏలిన వీరరేవణ భూపాలుడు, వేసవి తాపానికి ప్రజలు సొమ్మసిల్లుతుంటే చూడలేక, నాలుగు రాజవీథులు కలిసేచోట ఎనిమిది రాతి ఏనుగులతో ఒక జలయంత్రాన్ని ప్రతిష్ఠింపజేశాడు. కొండమీది చెరువునుండి మట్టిగొట్టాల గుండా దిగివచ్చిన నీరు ఆ ఏనుగుల తొండాలనుండి ఎగజిమ్ముతూ ఉంటే పురజనుల ఆనందానికి పట్టపగ్గాలు లేకపోయాయి. ఈ కాలంలో మీట నొక్కితే లేచే రంగురంగుల నీళ్ళను చూసి నోరు వెళ్ళబెట్టేవారికి ఆ వైభవం ఎంత చెప్పినా తలకెక్కదు, పోనీయండి.

ఆ తొండాలలో ఆకూ అలమూ చేరకుండా ఊడ్చి కాచే పని పోలమ్మ అనే వృద్ధురాలిది. కరువులో తనవారందరినీ పోగొట్టుకొని ఒంటరిగా ఆ పురం చేరిన మనిషి. అయినా మహా కొంటెది. ఒక తొండాన్ని అరచేత మూసిందంటే పక్క తొండం దారినపోయేవారి నెత్తిన గుమ్మరించేది. తడిసినవారు నవ్వుకుంటూ పోయేవారేగాని, తిరిగి ఆమెమీద దోసెడు నీళ్ళు చల్లినవారు లేరు. చల్లడానికి వదినా, మరదలా, ఎవరితోనూ ఏ వరుసా లేదాయె. పగలంతా అందరినీ నవ్వించి, పొద్దుగూకేసరికి ఆమె ఒక్కతే గట్టుమీద కూర్చునేది.

ఒకనాడు పల్లకిలో పోతున్న రాజునే తడిపింది. ఆయన కోపగించుకోక, నవ్వి, ఏం కావాలో కోరుకోమన్నాడు.

"నేను పోయానని విని నెత్తిన చెంబెడు నీళ్ళు పోసుకునే మనిషి కావాలి ప్రభూ," అంది పోలమ్మ.

పక్కనే ఉన్న రాజపురోహితుడు సోమయాజులు, మరణస్నానం జ్ఞాతులకే విధి అనీ, రాజాజ్ఞతో బంధుత్వం పుట్టదనీ శాస్త్రం చెప్పాడు. రాజు ఇల్లిస్తానన్నాడు, ఆవునిస్తానన్నాడు. ఆమె వద్దని చేతులు జోడించి, మళ్ళీ చీపురందుకుంది.

ఆ మరుసటి వైశాఖ పూర్ణిమనాడు, మిట్టమధ్యాహ్నం, సంత కిటకిటలాడుతుండగా, ఎనిమిది తొండాలనుండీ నీరు ఒక్కసారిగా తాటిచెట్టెత్తున లేచింది. గింజలమ్మేవారు, గుర్రాలెక్కినవారు, మేడమీద నిలుచున్న రాజు, గొడుగు కింద నడుస్తున్న సోమయాజులు సైతం తడిసి ముద్దయ్యారు. ఆ ఎండలో ప్రాణం లేచివచ్చి ఊరంతా కేరింతలు కొట్టింది. ఈ కొంటెపని పోలమ్మదేనని, ఈసారి తామూ ఆమెను తడపాలని వెదికినవారికి, ఆమె గట్టుకు చేరగిలబడి, చీపురు ఒడిలో పెట్టుకొని, కన్నుమూసి కనిపించింది. ఒంటిమీద చుక్క నీరు లేదు.

నవ్వులు ఆగిపోయాయి. సోమయాజులు కారుతున్న జుట్టును తుడుచుకోబోయి చెయ్యి దించేశాడు.

"స్నానం అయిపోయింది. ఇక ఈమె మనందరికీ అయిన మనిషే," అన్నాడు.

నేటికీ ఆ చోటును తలతడి కూడలి అనే అంటారు. ఏటా వైశాఖ పూర్ణిమకు ఎక్కడెక్కడి ఏకాకులో వచ్చి, ఆ తొండాల కింద నిలిచి, తల తుడుచుకోకుండానే వెళతారు. నిరుడు నేనూ వెళ్ళాను, నాకు మాత్రం ఎవరున్నారు గనుక. తడితలతో నడిచి వస్తుంటే, ముక్కూ మొహం తెలియని ముసలాయన ఒకరు ఆగి, ఎవరు పోయారు బాబూ అని అడిగారు. ఆ పూర్ణిమనాడు అలా అడగడం అక్కడి ఆచారం. దానికి జవాబు కూడా ఒక్కటే.

"మన మనిషే," అన్నాను.