భంతే గారి నల్ల తెర

లాప్‌టాప్ చచ్చిపోయిందని చెప్పడానికి నందకుడు పరుగెత్తుకొచ్చేసరికి భంతే సుమనబోధి, విహారం వాకిలి ఊడుస్తున్నారు.

కృష్ణ ఒడ్డున గుట్ట మీద ఉన్న చిన్న విహారం అది. భంతే అక్కడ పెద్ద భిక్షువు. నందకుడు కాషాయం కట్టి ఇంకా ఏడాది నిండని శిష్యుడు. అంతకుముందు గుంటూరులో కంప్యూటర్ కోర్సు చేశాడు. ఆ సంగతి విహారంలో తెలియనివాళ్ళు లేరు. అతనే అందరికీ చెప్పాడు మరి.

భంతేకి చూపు పోయి చాలాకాలమైంది. ఆయన లాప్‌టాప్‌ను నడిపే సిస్టమ్ లినక్స్. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే ప్రోగ్రాం అందులో ఉంది. పక్కవాళ్ళ ధ్యానం చెడకుండా హెడ్‌ఫోన్ పెట్టుకుని, తాను టైపు చేసింది తానే వింటూ, పాలీ భాషలోని కథలను పిల్లలకు అర్థమయ్యే తెలుగులో రాస్తున్నారు. ఎన్నో ఏళ్ళ పని. దానికి రెండో ప్రతి లేదు. ఒకటి తీసిపెట్టమని నందకుడికి చెప్పారు. "అదెంత పని భంతే, చిటికెలో చేస్తా" అన్నాడు. ఆ చిటికె ఇంకా వేయలేదు.

"ఏమైంది నాయనా?" అన్నారు భంతే, చీపురు ఆపకుండానే.

"కొత్త అప్‌డేట్ వచ్చింది భంతే. ఎక్కించాను. రీస్టార్ట్ అయ్యేటప్పుడు తెర వెలిగింది. ఆ తర్వాత నల్లబడిపోయింది. ఇక రావట్లేదు."

"అప్‌డేట్ చెయ్యమని నేను చెప్పానా?"

"లేదు భంతే."

"మరి?"

"వచ్చింది కదా అని..."

కొత్తది వచ్చిందంటే చాలు, నందకుడి చేతులు ఊరుకోవు. ఆ రోగం గుంటూరు నుంచి వెంట తెచ్చుకున్నాడు.

"ఇప్పుడేం చేద్దామంటావు?"

నందకుడు గొంతు సర్దుకున్నాడు. ఇక్కడ మాత్రం తనకు అనుమానమే లేదు. "డిస్కు పోయింది భంతే. అందులో ఏమీ మిగిలి ఉండదు. మొత్తం తుడిచేసి సిస్టమ్ మళ్ళీ కొత్తగా ఎక్కించాలి. దానికో పెన్‌డ్రైవ్ తెచ్చి పెట్టాను. మీరు ఊ అంటే మొదలుపెడతా." నేల చూస్తూ అన్నాడు. "మీ కథలు... పోతాయి భంతే."

ఆదివారం ఆదివారం కింది ఊళ్ళ నుంచి పిల్లలు గుట్టెక్కి వచ్చేది ఆ కథల కోసమే. ఆ నేరం తన నెత్తిన పడుతోందని అతనికి బాగా తెలుసు.

భంతే చీపురు గోడకు ఆనించి, చేతులు కడుక్కుని, తన గదిలోకి నడిచారు. నందకుడు వెనకే వెళ్ళాడు. లాప్‌టాప్ ముందు చాప మీద కూర్చుని, భంతే దాని అడుగున అరచెయ్యి పెట్టి చూశారు. వెచ్చగా ఉంది. హెడ్‌ఫోన్ తగిలించుకుని ఏవో మీటలు నొక్కారు. ఆపైన తీరిగ్గా టైపు చేయడం మొదలుపెట్టారు.

నల్లటి తెర ముందు ఆయన వేళ్ళు అలా టకటకా ఆడుతుంటే నందకుడు చూడలేకపోయాడు. పాపం, పెద్దాయనకు అర్థం కాలేదు. ఎలా చెప్పాలి? చెప్పకుండా ఎంతసేపు ఊరుకోవాలి?

ఉండబట్టలేక అనేశాడు. "భంతే, తెర నల్లగా ఉంది. ఏమీ కనపడదు."

"నాకెప్పుడు కనపడింది?"

ఆయన హెడ్‌ఫోన్ తీసి శిష్యుడి చెవులకు పెట్టారు.

ముక్కుతో మాట్లాడినట్టుండే ఆ యంత్రం గొంతు ఏ తొందరా లేకుండా చదువుతోంది. "రాజు కుందేలును అడిగాడు. నీకు భయం వేయలేదా. కుందేలు నవ్వింది." కుందేలు నవ్విందన్నది ఇప్పుడే, ఈ నల్ల తెర మీదే టైపు అయిన వాక్యం. దాని వెనక పాత కథలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

నందకుడికి ఏడుపు ముంచుకొచ్చింది. సిగ్గు కూడా వేసింది. పొద్దుటి నుంచీ అది మాట్లాడుతూనే ఉంది. వైరు గుచ్చి ఉన్న హెడ్‌ఫోన్ మాత్రం చాప మీద పడి ఉంది.

"ముందేం చేస్తావు?" అడిగారు భంతే.

"ప్రతి తీస్తాను."

తీశాడు. నల్లటి తెర వైపే చూస్తూ, చెవులతో వెతుక్కుంటూ, కథలన్నీ ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. పూర్తయిందని ఆ గొంతు చెప్పాక మళ్ళీ ఓసారి తెరిచి విన్నాడు. అప్పుడు గానీ అతనికి ఊపిరాడలేదు.

"ఇప్పుడు దాన్నే అడుగు, ఏమైందో."

నందకుడు, సిస్టమ్ తాను చేసిందంతా రాసుకున్న చిట్టా తెరిచాడు. గుంటూరులో అయితే అలాంటివి కళ్ళతో గబగబా జార్చేసేవాడు. ఇక్కడ జార్చడానికి వీల్లేదు. ఆ గొంతు ఎంత మెల్లగా చదివితే అంత మెల్లగా వినాల్సిందే. మధ్యలో రెండుసార్లు ముందుకు దూకబోయాడు. రెండుసార్లూ భంతే అతని మణికట్టు మీద వేలు పెట్టి ఆపారు. చివరికి ఒక వరుస వినపడింది. తెర వెనక వెలిగే లైటును, అప్‌డేట్‌తో వచ్చిన కొత్త కెర్నల్, అంటే సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం, గుర్తుపట్టలేకపోయింది.

ఏదో తోచి, అతను టార్చ్ తెచ్చి తెర మీద ఏటవాలుగా వేశాడు. కుందేలు కథ మసకగా కనపడింది. అక్షరాలన్నీ అక్కడే ఉన్నాయి.

"పాత కెర్నల్ తీసెయ్యలేదు భంతే, పక్కనే ఉంటుంది. రీస్టార్ట్ చేసేటప్పుడు మొదట వచ్చే మెనూలో దాన్ని ఎంచుకుంటే చాలు."

"ఆ మెనూ నాకు మాట్లాడదు" అన్నారు భంతే. "అక్కడ నీ కళ్ళే దిక్కు. కానివ్వు."

నందకుడు ఈసారి తడబడలేదు. మెనూలో పాత కెర్నల్ మీదికి బాణం దించి ఎంటర్ కొట్టాడు. తెర నల్లబడింది. అయినా తుడిచేయడానికి తెచ్చిన పెన్‌డ్రైవ్ వైపు చూడలేదు. కాసేపటికి తెర తెల్లగా వెలిగింది. ఈ లోపం సరిచేసిన అప్‌డేట్ వచ్చేదాకా పాతదే నడిచేలా కట్టుదిట్టం చేసి, హాయిగా వెనక్కి వాలాడు.

"వచ్చింది భంతే!"

"సంతోషం. అయితే చెప్పు నందకా, పొద్దున చెడిపోయిందేమిటి?"

"కంప్యూ..." అని ఆగాడు. అది ఒక్క క్షణం కూడా పని మానలేదు.

"తెర" అన్నాడు. టార్చ్ వెలుగులో చూసిన అక్షరాలు గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు.

"లైటు..." అనబోయి ఎదురుగా చూశాడు. అది శుభ్రంగా వెలుగుతోంది.

ఇంకోటి చెప్పడానికి నోరు తెరిచాడు. పొద్దున తొందరపడ్డ తన చేతుల మీద చూపు పడింది. తలవంచుకుని కూర్చున్నాడు.

భంతే చాప మీద చెయ్యి ఆనించి లేచారు.

"అది బాగైందిలే" అన్నారు. "పద, భోజనానికి వేళవుతోంది."