మూడో కుండలో రాణి ఈగ

అనగనగా ఒక రాజు. రాజు పేరు ధర్మకేతు, ఊరు తంగేడుపురం. ఆ ఊరికి ఆ పేరెందుకొచ్చిందంటే, కార్తీకం వచ్చిందా, చుట్టూ కొండలన్నీ తంగేడు పూసి పసుపు రాసుకున్నట్టుండేవి. అన్ని పూలుంటే తేనెటీగలు ఊరుకుంటాయా? ఇంటింటి గోడలోనూ మట్టికుండలు, కుండకుండలోనూ తేనెపట్లు. ఆ ఊళ్ళో ఒక కట్టు ఉండేది. పట్టులో సగమే తీసుకోవాలి, సగం ఈగలకు వదిలెయ్యాలి. రాజైనా అంతే, కూలివాడైనా అంతే.

ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు సమరకేతు, కత్తి తిప్పితే గాలి కూడా తెగేది. రెండోవాడు జయకేతు, బాణం వేస్తే గురి తప్పేది కాదు. మూడోవాడు పుష్పకేతు. వాడికి కత్తీ రాదు, బాణమూ రాదు, కానీ ఒక పని పట్టుకుంటే అయ్యేదాకా వదలడు. చిన్నప్పుడు చిక్కుపడ్డ దారపుండ ఇస్తే మూడు రోజులు కూర్చుని విడదీశాడట. అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు.

ఒక రోజు సభకు ఒక మాంత్రికుడు వచ్చాడు. వాణ్ణి లోకమంతా బీటల మాంత్రికుడనేది, ఎందుకంటే వాడు తిట్టిన నేల బీటలు వారేది.

"మీ రాజ్యంలో తేనె అంతా నాకు కావాలి. చివరి బొట్టుదాకా," అన్నాడు.

రాజు పక్కన కూర్చున్న రాణి కనకాంబ మెల్లగా చెప్పింది. "సగం కావాలంటే ఇస్తాం స్వామీ. మిగతా సగం ఈగలది. మాది కానిది మేమెలా ఇస్తాం?"

మాంత్రికుడికి కళ్ళెర్రబడ్డాయి. "ఇవ్వలేని ఒళ్ళు బీటలు వారుగాక. తంగేడు మళ్ళీ పూసేనాటికి ఆ బీట గుండెదాకా చేరుగాక," అని మాయమైపోయాడు.

మర్నాటికే రాణి చేతులు పగిలాయి. తర్వాత పాదాలు, తర్వాత పెదవులు. ఎండాకాలం చెరువు అడుగు చూశారు కదా, అలా అయిపోయింది ఆ తల్లి చర్మం. నవ్వితే నెత్తురు, గిన్నె పట్టుకుంటే నెత్తురు. శాపం పెట్టినవాడే తీయాలి, లేదా వాడు చావాలి, మూడో దారి లేదని రాజవైద్యుడు చెప్పేశాడు.

"ఓస్, మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలోనే కదా ఉండేది," అని పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. "అన్నయ్య ఏ చిలకనో చూసి ఏ చిలకనో పట్టుంటాడు," అని రెండోవాడు వెళ్ళాడు, వాడూ రాలేదు.

ఇక పుష్పకేతు మిగిలాడు. వాడు గుర్రం ఎక్కలేదు. అమ్మ రాత్రింబగళ్ళు మంటతో మూలుగుతుంటే ముందు ఆ మంట తగ్గించాలనుకున్నాడు. తేనె పట్టే కాటన్న ఇంట్లో చేతుల పగుళ్ళకు మైనం పూత కాస్తారని విని అక్కడికి వెళ్ళాడు. కాటన్న కొండమీద ఉన్నాడు. కూతురు సింగారి వాకిట్లో కుండలు తుడుస్తోంది.

"పూత కావాలా, పూత కాయడం నేర్చుకోవాలా?" అని అడిగింది.

"నేర్చుకోవాలి. అమ్మకు రోజూ కావాలిగా."

"అయితే ఆ ఉంగరాలు తీసి గూట్లో పెట్టండి చినబాబుగారూ."

మొదటి రోజే చినబాబు మైనం ముద్దను తిన్నగా పొయ్యి మీద పెట్టాడు. భగ్గుమంది. ఒక కనుబొమ మాయమైపోయింది. సింగారి నవ్వి నవ్వి, కుండ పక్కన కూలబడి చెప్పింది. "మైనానికి మంట చూపించకూడదు, వేడినీళ్ళు చూపించాలి. నీళ్ళ గిన్నెలో గిన్నె పెట్టి కరిగించండి. ఒక పాలు మైనం, నాలుగు పాళ్ళు నువ్వులనూనె. దించాక వేపపుల్లతో కలుపుతూనే ఉండాలి, వెన్నలా అయ్యేదాకా. మధ్యలో ఆపారో, పలుకులు కడుతుంది."

మూడుసార్లు పలుకులు కట్టింది. నాలుగోసారి వెన్నలా వచ్చింది. అమ్మ పెదవులకు రాస్తే పగుళ్ళు మానలేదు గానీ మంట చల్లారింది. ఎన్నాళ్ళకో ఆ తల్లి కంటినిండా నిద్రపోయింది.

అక్కడితో ఆగాడా? లేదు. మూడు నెలలు సింగారి వెంట తిరిగాడు. పిడక పొగ మెల్లగా పెట్టడం, నోటితో ఊదకపోవడం, ఏ కుండలో రాణి ఈగ ఉందో మూత తీయకుండా తెలుసుకోవడం, అన్నీ నేర్చుకున్నాడు.

"మూత తీయకుండా ఎలా తెలుస్తుంది?"

"గుమ్మం దగ్గర కూర్చుని చూడటమే. లోపలికెళ్ళే ఈగల కాళ్ళకు పుప్పొడి మూటలుంటే లోపల రాణి ఉంది, పిల్లల్ని పెడుతోంది. పిల్లల్లేని ఇంట్లో ఉగ్గు ఎవరికి చెప్పండి?"

వెళ్ళేరోజు సింగారి మూడు వస్తువులిచ్చింది. ఒక పొగకుండ, చిన్నచిన్న రంధ్రాలున్న వెదురు గొట్టం, భరిణె నిండా మైనం పూత. "అమ్మగారికి ఇక్కడ నేను రాస్తుంటాను. మీరు తంగేడు పూసేలోగా రండి. ఆ రెండో కనుబొమైనా జాగ్రత్త," అంది.

పుష్పకేతు నడిచాడు, నడిచాడు, కాళ్ళు అరిగేదాకా నడిచి సముద్రం ఒడ్డుకు చేరాడు. అక్కడ ఇంటిపైకప్పంత తాబేలు ఒకటి కళ్ళనీళ్ళు పెట్టుకుని ఉంది.

"ఏమైంది తాతా?"

"ముసలితనం నాయనా. ఉప్పునీటికి మెడంతా పగిలింది. తల లోపలికి తీస్తే మంట, బయటికి చాస్తే మంట."

భరిణెలో మూడో వంతు పూత తాబేలు మెడకు అయిపోయింది. తాబేలు తల లోపలికి తీసింది, బయటికి చాచింది, మళ్ళీ తీసింది, చిన్నపిల్లలా నాలుగుసార్లు ఆడుకుంది. "ఎక్కు నాయనా, ఎక్కడికంటే అక్కడికి," అంది.

ఏడు సముద్రాలూ దాటారు. ఉప్పు సముద్రం, చెరకురసం సముద్రం, కల్లు సముద్రం, నెయ్యి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ళ సముద్రం. కల్లు సముద్రంలో తాబేలు దారి తప్పింది, నెయ్యి సముద్రంలో పుష్పకేతు రెండుసార్లు జారిపడ్డాడు. అయినా ఇద్దరూ వెనక్కి తిరగలేదు.

ఆ అవతల ఒక దీవి. దీవిలో బంగారు పంజరం, పంజరంలో చిలక. పంజరం ముందు రెండు మైనం బొమ్మలు చేతులు చాచి నిలబడి ఉన్నాయి. చూస్తే ఏముంది, పెద్దన్నయ్య ఒకటి, చిన్నన్నయ్య ఒకటి.

"వచ్చావా," అంది చిలక విసుగ్గా. "ఇదిగో మెడ. తొందరగా కానీ, మూడో బొమ్మకు అక్కడ చోటుంది."

"నీ మెడ నాకెందుకు? కాలు చూపించు. కడియం ఒరుసుకుని పుండు పడినట్టుంది."

చిలక మెడ వంచి తన కాలు చూసుకుంది. నూరేళ్ళలో ఎంతమంది రాకుమారులు వచ్చారో, అందరూ మెడ చూసినవాళ్ళే గానీ కాలు చూసినవాడు లేడు. పుష్పకేతు ఇంకో మూడో వంతు పూత దాని కాలికి రాశాడు, కడియానికీ రాసి మెల్లగా జార్చి తీసేశాడు.

అప్పుడు చిలక అసలు గుట్టు విప్పింది. "నాలో వాడి ప్రాణం లేదు బాబూ. అందరూ చిలకనే వెతుకుతారని వాడికి తెలియదా? నా మెడ పట్టుకున్నవాడు మైనం బొమ్మ అవుతాడు, అదీ వాడి ఉచ్చు. వాడి ప్రాణం తేనెపట్టులో రాణి ఈగలో ఉంది. చిలకైతే ఎప్పుడో ఒకప్పుడు చస్తుంది. పట్టు అలా కాదు. రాణి ముసలిదైతే ఈగలు కొత్త రాణిని పెంచుకుంటాయి, ప్రాణం దానికి మారుతుంది. కొండగుహలో మూడు కుండలున్నాయి. రెండింట్లో మాయ ఈగలు, ఒకదాంట్లో నిజం ఈగలు. తప్పు కుండ తెరిచావో, నువ్వూ బొమ్మవే. వాడు పొద్దుగూకేసరికి వచ్చేస్తాడు."

గుహ ముందు పెద్ద బండ. బండ పక్కన ముక్కు గుమ్మడికాయంత వాచిన ఎలుగుబంటి. "తేనె వాసనకు సందులో ముక్కు పెట్టాను. ఇక జన్మలో పెట్టను," అని ఏడుస్తోంది. మిగిలిన పూతంతా దాని ముక్కుకు రాశాడు. భరిణె ఖాళీ. ఎలుగుబంటి ఒక్క తోపు తోసి బండను పక్కకు దొర్లించింది.

లోపల మూడు కుండలు. మొదటిది బంగారు కుండ, చుట్టూ మెరిసే ఈగలు, చెవులు చిల్లులు పడేంత రొద. రెండోది వెండి కుండ, మల్లెపూల వాసన. మూడోది మసిపట్టిన మట్టికుండ, అంచు విరిగింది. మట్టిరంగు ఈగలు వస్తున్నాయి, పోతున్నాయి.

"బంగారందే. రాణి బంగారంలో కాక మసికుండలో ఉంటుందా?" అంది ఎలుగుబంటి.

పుష్పకేతు చెప్పులు విప్పి మూడు గుమ్మాలూ కనబడేలా కూర్చున్నాడు.

ఒక గడియ గడిచింది. "ఇంకా చూస్తున్నావా?" అంది ఎలుగుబంటి. రెండు గడియలు గడిచాయి. "ఒరే అబ్బాయీ, పొద్దు వాలుతోంది." వాడు కదల్లేదు. అమ్మ పెదవులు గుర్తొచ్చాయి, లేచి ఏదో ఒకటి తెరిచెయ్యాలనిపించింది. పళ్ళు బిగించి మళ్ళీ చూశాడు. బంగారు ఈగల కాళ్ళు ఉత్తవి. వెండి కుండ ఈగల కాళ్ళు ఉత్తవి. మట్టిరంగు ఈగ ఒకటి వాలింది, కాళ్ళకు ఏమీ లేదు. ఇంకొకటి వాలింది, ఏమీ లేదు. మూడోది వాలింది. దాని వెనక కాళ్ళకు రెండు పసుపు మూటలు, ఆవగింజలంతేసి. దాని వెనకాల మరొకటి, మరొకటి, అన్నీ మూటలతోనే.

"పిల్లలున్న ఇల్లు ఇదే," అన్నాడు పుష్పకేతు.

పిడక రాజేసి మెల్లగా పొగ పెట్టాడు, ఊపిరి పక్కకు వదులుతూ మూత తీశాడు. మైనం అట్టు వెనక అట్టు చూసుకుంటూ వెళ్తే మధ్య అట్టు మీద పొడుగ్గా, నిదానంగా నడుస్తోంది రాణి ఈగ. వెదురు గొట్టం దాని ముందు పెట్టాడు. తనే నడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. మూతికి మైనం అద్దాడు. తర్వాత అమ్మ కోసం మైనం తీసుకున్నాడు. ఎంత? సగం. ఏడు సముద్రాల అవతలైనా ఊరికట్టు ఊరికట్టే కదా.

అంతలో కొండ అదిరింది. మాంత్రికుడు పెద్దపులై దూకాడు. పుష్పకేతు గొట్టం రంధ్రాల మీద వేలు ఆనించాడు, పులి దగ్గుతూ కూలబడింది. పామై బుస కొట్టాడు. వేలు కాస్త నొక్కాడు, పాము మెలికలు తిరిగింది. చివరికి బక్క ముసలివాడై చేతులు జోడించాడు.

"వేలు తియ్యి బాబూ, ఊపిరాడటం లేదు."

"మా అమ్మ శాపం తియ్యి."

"తీశాను. బీట ఇక ముందుకు పోదు. కానీ పడిన పగుళ్ళు పూడ్చడం నావల్ల కాదు. పగలగొట్టడమే నేర్చుకున్నాను నేను."

"పూడ్చడం నేను నేర్చుకున్నాను. మా అన్నల సంగతి చెప్పు," అని పుష్పకేతు వేలు కాస్త ఎత్తాడు.

ముసలివాడి కళ్ళు ఒక్క క్షణం మెరిశాయి. "అదెంత పని. ఇద్దరినీ మంట ముందు నిలబెట్టు, మైనం కరిగి ప్రాణం వస్తుంది."

పుష్పకేతు కాలిపోయిన కనుబొమ తడుముకున్నాడు. "మైనానికి మంట చూపించకూడదు మాంత్రికుడా," అని వేలు మళ్ళీ రంధ్రాల మీదికి జరిపాడు.

"వేడినీళ్ళ ఊట, వేడినీళ్ళ ఊట, కొండ కిందే ఉంది," అని వాడు నిజం కక్కేశాడు.

ఎలుగుబంటి బొమ్మలను మోసుకెళ్ళి ఊటలో దించింది. పొరపొరగా మైనం విడిపోయి ఇద్దరన్నలూ తుమ్ముతూ లేచారు.

సమరకేతు గొట్టం చూసి, "ఇందులోనేనా వాడి ప్రాణం? నలిపెయ్యరా," అన్నాడు.

"కొత్త రాణి సిద్ధంగా లేనప్పుడు రాణిని నలిపితే ఇల్లంతా చస్తుంది అన్నయ్యా. వాడి మీద కోపంతో వీటి కొంప తీయమంటావా?" అని, మాంత్రికుడి వైపు తిరిగాడు. "ఈ కుండ మా ఊళ్ళో ఉంటుంది. ఈ ఈగలకు పూలుంటే నీకు ఊపిరుంటుంది, లేకపోతే లేదు. నువ్వు బీటలు పెట్టిన నేలంతా దున్ని పూలమొక్కలు నాటుకో."

రాణిని కుండలోకి వదిలి, మూత బిగించి, అందరూ తాబేలు మీద తిరుగుప్రయాణం కట్టారు. చిలక ముందు ఎగురుతూ దారి చూపించింది కాబట్టి కల్లు సముద్రంలో ఎవరూ తప్పిపోలేదు.

తంగేడుపురం చేరేసరికి కొండమీద మొదటి మొగ్గ విచ్చుతోంది. రాణి కనకాంబ మంచం మీద కళ్ళు తెరిచే ఉంది. బీట గుండెకు నాలుగు వేళ్ళ దూరంలో ఆగిపోయి ఉంది. సింగారి నీళ్ళ గిన్నెలో గిన్నె పెట్టి సిద్ధంగా కూర్చుంది. పుష్పకేతు తెచ్చిన మైనం కరిగించాడు, నూనె పోశాడు, దించి కలిపాడు. చెయ్యి నొప్పెట్టినా ఆపలేదు. పలుకు కట్టలేదు. మూడు వారాలు పూత రాస్తే, మొదటి వారం పాదాలు, రెండో వారం చేతులు, మూడో వారం పెదవులు నున్నగా పూడుకున్నాయి.

పెదవులు మానినరోజు ఆ తల్లి కొడుకు ముఖం తేరిపార చూసింది. "నీ కనుబొమ ఏదిరా?" అని అడిగి నవ్వడం మొదలుపెట్టింది. ఎంత నవ్వినా నెత్తురు రాలేదు.

"అది ఈ అమ్మాయి పొయ్యిలో పోయిందమ్మా. అందుకని ఈ అమ్మాయినే పెళ్ళి చేసుకుంటాను."

"ముందు అడగాలి కదా చినబాబుగారూ," అంది సింగారి.

"అడుగుతున్నాను."

"ఉంగరాలు తీసి గూట్లో పెట్టి అడగండి."

తీసి పెట్టి అడిగాడు. తంగేడు పూలతో పందిరి వేసి పెళ్ళి చేశారు. ఎలుగుబంటికి విందులో ఒక తేనెకుండ ఇచ్చారు. సగం తిని, సగం వదిలేసింది పాపం, నేర్చుకుంది. రాజ్యం మాటొస్తే పెద్దన్నయ్య, "అన్ని నెలలు కదలకుండా నిలబడ్డాను, ఇక సింహాసనం మీద కదలకుండా కూర్చోమంటే నావల్ల కాదు," అన్నాడు. రెండోవాడూ అదే పాట. అలా పుష్పకేతు, సింగారి అరవై ఏళ్ళు రాజ్యం చేశారు. ఆ రాజ్యంలో బీటపడ్డ మడమ ఒక్కటి కూడా ఉండేది కాదు.

మరి మాంత్రికుడంటారా? పొద్దున్నే పారపట్టుకుని పూలమొక్కలకు నీళ్ళు పోసుకుంటూ తిరిగేవాడు. ఒక్క మొక్క వాడిపోతే చాలు, వాడికి ఆయాసం. పాత రాణి పోయి కొత్త రాణి, ఆ రాణి పోయి ఇంకో రాణి, ఆ కుండ ఇంకా ఉంది, వాడూ ఇంకా నీళ్ళు పోస్తూనే ఉన్నాడు.

కథ పట్టులోకి, పూత భరిణెలోకి, మనం పక్కల్లోకి.