పచ్చిమన్నమ్మకు హారతి ఎందుకు లేదు

పచ్చిమన్నమ్మ కొండకు వచ్చే భక్తులు అగ్గిపెట్టె, కర్పూరం కింద మెట్ల దగ్గరే అప్పగించాలి. అమ్మ తోపులో దీపం లేదు, ధూపం లేదు, హారతి అసలే లేదు. బీడీ దాచుకుని పైకెక్కే పెద్దమనుషులు కొందరుంటారు. కొండెమ్మ కథ విన్నాక వాళ్లే దిగివచ్చి ఇచ్చి వెళతారు.

పూర్వం ఇక్కడ బొగ్గుల కోసం కొండ మీది చెట్లు నరికేశారు. ఆ తరువాత వాన పడితే చాలు, మట్టి జారి ఇళ్ల మీద పడేది. ఒక ఏడాది పై వరుస ఇళ్లు మనుషులతో సహా మట్టిలో కలిసిపోయాయి. మిగిలినవాటిలో అన్నిటికన్నా పైన ఉన్నది కొండెమ్మ గుడిసె. భర్త పోయిన ఆమెకు సింగారి ఒక్కతే కూతురు. మబ్బు పట్టిందంటే తల్లి కూతురి చేయి పట్టుకుని కిందికి దిగిపోయేది. కొండ మీద నేరేడు, మద్ది మొక్కలు ఎన్ని నాటినా ఎండిపోయేవి. పచ్చగా ఉన్నది కొండ వెనుక వైపునున్న అమ్మవారి తోపు ఒక్కటే. అందులో పిడికెడు మన్ను తీసినా ఇంట్లో బిడ్డ దక్కదని పెద్దల మాట.

అటువంటిది, అమ్మవారే కలలో కనిపించి, తోపు మన్ను తెచ్చి మొక్కల మొదళ్లలో పెట్టమని ఆజ్ఞాపించింది. కొండెమ్మకు ముందు నుయ్యి, వెనుక గొయ్యి అయింది. ఆజ్ఞ మీరలేక మన్ను తెచ్చింది. అయినా భయం ఊరుకోనివ్వలేదు. దోషం అగ్నితో పోతుందనుకుని, ఆ మన్నును మంగలంలో పోసి, పేలాలు వేయించినట్టు వేయించి మొక్కలకు పెట్టింది. మొక్కలు ఎప్పటిలాగే మాడిపోయాయి. సింగారికి జ్వరం వచ్చింది.

"తోపు ముట్టినావు. అమ్మ పిల్లనడుగుతంది" అన్నారు ఇరుగుపొరుగువారు.

అమ్మవారు మళ్లీ కలలోకి వచ్చింది. ఒళ్లంతా బొబ్బలు.

"నన్నెందుకు వేపేసినావే? కంటికి ఆనని నా పిల్లలు ఎంతమందున్నారు ఆ మన్నులో! ఆళ్లుంటేనే కదే వేళ్లకి తిండి. మళ్లీ ఎల్లు. పచ్చిమన్ను తే."

"నా బిడ్డనేటి సేస్తావమ్మా?" అని కొండెమ్మ ఏడ్చింది. అమ్మవారు తోపు వైపు వేలు చూపి మాయమైంది.

 బిడ్డకు అభయం దొరక్కపోయినా, కొండెమ్మ జ్వరంతో మూలుగుతున్న కూతురిని వదిలి వెళ్లింది. చేతులతో తవ్వి, తడి మన్నును అడ్డాకులో చుట్టి, ఎండ తగలకుండా కడుపుకు హత్తుకుని తెచ్చి, కొత్త మొక్కల వేళ్లకు అద్ది నాటింది. ఇంటికి వచ్చాక గుమ్మం దాటడానికి ధైర్యం చాలలేదు. బయటే నిలబడి "సింగారీ!" అని పిలిచింది. మళ్లీ పిలిచింది.

"అమ్మా, ఆకలేస్తంది" అంది సింగారి లోపలినుంచి.

ఆ మొక్కలు బతికి అడవి అయ్యాయి. కొన్నేళ్లకు మహా వానలో చరియ విరిగిపడి, ఆ చెట్ల దగ్గరే ఆగిపోయింది.

నేటికీ తొలకరినాడు భక్తులు తోపులోని పచ్చిమన్నును అడ్డాకులో చుట్టుకుని వెళ్లి బోడికొండల మీద మొక్కలు నాటుతారు. మంచి సూక్ష్మజీవులు వేళ్లకు బలమిస్తాయని నర్సరీవారు చెబుతారు. మేము కాదనం, అదీ అమ్మ పిల్లల సంగతే. నాటి వచ్చినవారు గుమ్మం బయట నిలబడి బిడ్డను పేరు పెట్టి పిలవాలి. లోపలి బిడ్డ ఆకలేస్తోందని పలకాలి. ఆ ఇంటిని అమ్మ చల్లగా చూస్తుంది. సింగారి సంతతివారమైన మేమూ ఏటా అలాగే పిలుస్తాం. లోపలినుంచి పలుకు వినబడేదాకా మాకూ ఊపిరాడదు.