రాజుగారి మాట వినని పడవ

మొగలిరేవును ఏలే పెద్దిభూపాలుడికి ఉన్నట్టుండి చేపలు పట్టాలని బుద్ధి పుట్టింది. పుట్టదా మరి! ఆయన బావమరిది తన చేత్తో గాలమేసి పట్టిన పండుగప్పను బుట్టలో పెట్టి, "బావగారు కొనుక్కుని తింటారట కదా, పాపం!" అని కబురు కూడా చెప్పి పంపాడు. ఆ మాటకి రాజుగారికి అన్నం సహించలేదు. చేప మాత్రం సహించింది, ముల్లు మిగల్చకుండా తినేశారు.

తెల్లారగానే నూకయ్య అనే బెస్తవాడి చిన్న పడవ ఎక్కి సముద్రం మీదికి బయల్దేరారు. వెంట ఇద్దరే. ఒకడు రాజుగారికి తాంబూలం అందించే తిప్పన. వాడి చేతిలో ఆకులూ వక్కలూ ఎన్ని ఉంటాయో నోట్లో మాటలూ అన్ని ఉంటాయి. రెండోవారు దళవాయి వీరమల్లప్ప, సైన్యానికి పెద్ద.

ఆ రాజ్యంలో హోదా ఎంతో గొడుగు అంత. దళవాయి గారి తెల్లగొడుగు విప్పితే కింద పెళ్లి భోజనాలు పెట్టొచ్చు. రాజుగారి ముందు దాన్ని మూస్తే పదవి వదులుకున్నట్టే. అందుకని ఆయన పడవలోనూ దాన్ని విప్పి, రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు.

నీళ్ల అడుగున రాళ్లగుట్ట ఉన్నచోట పండుగప్పలు తిరుగుతాయి. నూకయ్య సరిగ్గా అక్కడికే తీసుకెళ్లాడు. రాజుగారు గాలం వేశారు. ఎర కిందికి దిగేలోపే ఈదురుగాలికి పడవ గుట్ట దాటి ఎటో కొట్టుకుపోయింది. నూకయ్య వెనక్కి తెచ్చాడు. మళ్లీ పోయింది. లంగరు వేద్దామంటే రాళ్లలో ఇరుక్కుని పైకి రాదు. తెడ్లు వేస్తూ నిలబెడదామంటే ఆ చప్పుడుకి చేపలు చెదిరిపోతాయి.

రాజుగారి ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

"ఉండమంటే ఉండదేం ఈ పడవ?"

"ఇది రాజధిక్కారం ప్రభూ!" అన్నారు దళవాయి. "తమరు ఉండమన్నచోట ఉండలేదంటే దీనికి భయం లేదన్నమాట. రాజధిక్కారం చేసింది ఏదైనా సరే, ముక్కలు చేయించి వంటచెరకుకి పంపాల్సిందే!"

"రేపు కూడా ఇలాగే పరిగెత్తితే అలాగే చేయిద్దాం."

పాపం, నూకయ్యకి ఉన్నది అదొక్కటే. ఆ పడవ పోతే అతని ఇంట్లో పొయ్యి వెలగదు. ఒడ్డుకు రాగానే తిప్పన చేతులు పట్టేసుకున్నాడు.

"తిప్పన్న బాబూ, ఆ గొడుగే తెరచాపలాగ గాలి పట్టి తోసేస్తంది. మూసుకోండని నేనంటే నా తల ఉంటాదా?"

"ఎవరన్నా ఉండదు నూకయ్యా. మూయమని మనం అనొద్దు. రేపు గట్టి మోకుతాడు ఒకటి తెచ్చుకో, చాలు" అన్నాడు తిప్పన.

మర్నాడు గాలి ఇంకా జోరందుకుంది. పడవ గుట్ట మీదికి చేరీ చేరకముందే జారుకోబోయింది. రాజుగారు పళ్లు కొరుకుతుంటే తిప్పన మెల్లగా అందుకున్నాడు.

"దళవాయి గారూ, ఈ గాలికి ఎంత పొగరండీ! మీ గొడుగు ఎదురుగా ఉన్నా లెక్కచేయడం లేదే!"

"గాలికేం తెలుసయ్యా మర్యాద!"

"సముద్రుడికి తెలుసు. పెద్దమనిషి. కానీ నీళ్ల కింద ఉన్నాడాయె, మీ గొడుగును ఎప్పుడు చూశాడు కనుక? ఒక్కసారి చూపించండి, పడవను తానే పట్టుకుంటాడు."

దళవాయి గారు మీసం దువ్వుకోబోయారు కానీ చేతులు ఖాళీ లేవు.

"మరి గొడుగు మూయకూడదే!"

"అయ్యో, మూయడమెందుకు? విప్పింది విప్పినట్టే నీళ్లలోకి దించండి. పోకుండా మోకు కట్టిస్తాను."

నూకయ్య మోకు ఒక కొసను గొడుగు కర్రకి, రెండో కొసను పడవ ముక్కుకి బిగించాడు. దళవాయి గారు దేవుణ్ణి నిమజ్జనం చేసినంత ఠీవిగా గొడుగును దించారు. అది కడుపునిండా నీళ్లు పట్టింది. మోకు బిగిసింది. గాలి ఒకవైపు తోస్తుంటే గొడుగు రెండోవైపు లాగింది. అంతవరకూ పరుగులు తీసిన పడవ నిండు చూలాలిలా అడుగులో అడుగు వేసింది.

గాలం అడుగుదాకా దిగింది. కాసేపటికి తాడు గుంజుకుంది. రాజుగారు కేక పెట్టి లాగితే, బావమరిది పంపినదానికంటే పెద్ద పండుగప్ప పడవలో పడి ఎగిరెగిరి కొట్టుకుంది.

"చూశారా ప్రభూ, నా గొడుగు మహిమ!" దళవాయి గారు రొమ్ము విరిచారు. "ఈ పడవదేముంది, ఉత్త చెక్క! నా గొడుగు ఎలా ఆడిస్తే అలా ఆడుతుంది!"

"విన్నారా ప్రభూ! పడవ తప్పేమీ లేదని దళవాయి గారే ఒప్పుకున్నారు" అన్నాడు తిప్పన.

"ఒప్పుకున్నాడు సరే. మరి నిన్న మాట వినకుండా పారిపోయిందే?"

తిప్పన చేతులు కట్టుకున్నాడు.

"నిన్న కూడా గొడుగు ఆడించినట్టే ఆడింది ప్రభూ! ఇక ఆ రాజధిక్కారం ఎవరిదో, వంటచెరకుకి ఎవరిని పంపాలో దళవాయి గారినే అడగండి!"

రాజుగారు దళవాయి గారిని చూశారు, నీళ్లలో మునిగిన గొడుగును చూశారు, పడవ ఊగిపోయేలా నవ్వారు.

"తగలబెట్టొద్దులే! నూకయ్యా, ఈ గొడుగు ఇవాళ్టినుంచి నీ పడవది. గాలి వీచినప్పుడల్లా నీళ్లలో వేసుకో" అంటూ తన మెడలోని ముత్యాల దండ తీసి తిప్పన మెడలో వేశారు.

నూకయ్య కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఎండకి నెత్తి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని దళవాయి గారూ నవ్వారు. రాజుగారు నవ్వుతుంటే నవ్వక ఏం చేస్తారు!