కొత్త బండికి దిష్టి

కొత్త బండ్లకు వరసగా చక్రాలు ఊడిపోతుంటే, వాటిని చేయించి ఊళ్ళకు పంపే రాజుగారి బండ్లశాల అధికారి భుజంగరాయుడు అందరికీ ఒకటే జవాబు చెప్పేవాడు: "దిష్టి తగిలింది. గుమ్మడికాయ కట్టుకోండి!"

అలాగే చక్రం ఊడి కుండల బండి బోల్తాపడి మొగుడి కాలు విరగడంతో గవరమ్మ రాజసభకే వచ్చింది.

"మహాప్రభో, ఇన్ని ఊళ్ళ బండ్లకూ దిష్టి తగిలిందంటే, పంపేముందు అన్నిటినీ చూసేది ఈ బాబుగారే కదా? వీరి కళ్ళకు గంతలు కట్టించండి."

భుజంగరాయుడికి బుర్ర తిరిగిపోయింది. ఇదేం మెలికో అంతుపట్టక రాజుగారి కాళ్ళమీద పడ్డాడు.

"నా పిల్లలమీద ఒట్టు ప్రభూ! ఒక్క బండినీ కన్నెత్తి చూసి ఎరగను!"

సభంతా పకపకా నవ్వింది. ఎందుకో అతనికి అర్థం కాలేదు.

"బండ్లన్నీ వెనక్కి రప్పించు," అన్నాడు రాజు.

గవరమ్మ నోటికి కొంగు అడ్డంపెట్టుకుంది. "ఈసారి దిష్టి తగిలినా ఫరవాలేదు బాబూ, చూసే పంపండి."