పైడయ్య వల

వెనకటికి ఏటి ఒడ్డున ఒక రాజ్యంలో దొంగకు చెయ్యి తీసేవారు, దోపిడీ చేసినవాడికి తల తీసేవారు. చేపలు పట్టుకు బతికే పైడయ్యను ఒకనాడు పెడరెక్కలు విరిచికట్టి ఆ రాజుగారి సభకు తెచ్చారు. సేనాపతి భైరవరాయుడి పెరట్లోంచి వల దొంగిలించాడని నేరం.

"తీశావా?" అన్నాడు రాజు.

"తీశాను ప్రభూ. సేనాపతిగారు కునుకు తీస్తుంటే గోడ దూకి తీశాను."

తలారి కత్తి దూశాడు. చెయ్యి పోయాక వల ఉండి మాత్రం ఏం లాభమనుకున్నాడు పైడయ్య. అయినా ధైర్యం చేసి అన్నాడు.

"చెయ్యి ఇస్తాను ప్రభూ. కానీ నేను దొంగనైతే ఆ వల సేనాపతిగారి సొత్తయి ఉండాలి. అది వారి సొత్తు ఎలా అయిందో వారినే చెప్పమనండి."

రాజు సేనాపతి వైపు తిరిగాడు. కొన్నానంటే అమ్మినవాణ్ణి చూపాలి. అల్లానంటే సభ నమ్మదు. రేవులో పైడయ్యను కొట్టి లాక్కున్నానంటే తల దక్కదు.

"ఆ వల నాది కాదు ప్రభూ," అన్నాడు భైరవరాయుడు నేల చూస్తూ.

రాజు పైడయ్య కట్లు విప్పించాడు. "నీ వల కోసం నువ్వు దొంగలా గోడ దూకడమెందుకు?"

"మీ శిక్షకు భయపడి, ఎవరూ చూడకుండా దూకాను ప్రభూ. వారు మాత్రం పట్టపగలు, రేవంతా చూస్తుండగానే పట్టుకెళ్లారు."

రాజు మళ్లీ సేనాపతి వైపు తిరిగాడు. తర్వాత తలారితో, "కత్తి ఒరలో పెట్టకు," అన్నాడు.