నక్క తాళం వేసిన పనిముట్ల బండి

గుండ్లవాగు ఒడ్డున ఒక కొండచరియ కింద అడవి పిల్లల బడి ఉండేది. చరియ కిందున్న చోటు ఎంత ఇరుకంటే, కుందేలు పిల్ల తుమ్మితే వరుస చివరున్న కొండముచ్చు పిల్ల వెళ్లి ఎండలో పడేది. పాఠాలంటారా, నోటితో చెప్పడం, చెవితో వినడం, అంతే. ముడి వేయడం ఎలాగో గిజిగాడు మాస్టారు నేలమీద బొమ్మ గీసి చెప్పేవాడు. చేసి చూడటానికి చోటూ లేదు, పనిముట్టూ లేదు.

"పనిగది కట్టండి" అని తల్లులు అడిగారు.

"ఎక్కడ కట్టమంటారు? నా నెత్తిమీదా?" అన్నాడు గిజిగాడు. కాసేపు ఆలోచించి, "గదికి చోటు లేకపోతే గదినే చక్రాల మీద పెడదాం. ఇవాళ మన బడికి వస్తుంది, రేపు ఎగువ బడికి వెళ్తుంది. ఏ బడికీ చోటు అక్కర్లేదు. చెట్టు నీడ చాలు" అన్నాడు.

అడవంతా కదిలింది. ఏనుగులు మాను తెచ్చి పడేశాయి. వడ్రంగిపిట్టలు తొలిచాయి. ఎలుగుబంట్లు చక్రాలు బిగించాయి. సుత్తులు, ఉలులు, కత్తులు, గునపాలు, తాటినార తాళ్లు బండి నిండా సర్దారు. లాగడానికి భద్రయ్య అనే ఎద్దు ఒప్పుకున్నాడు. ఎవరి మీదా విసుక్కోని ఎద్దు అతను.

బండిని చూసుకునే పని సింహం తన కొలువులో ఉన్న నక్క జంబయ్యకు అప్పగించింది. అక్కడే అంతా చెడింది.

జంబయ్య ముందుగా బండికి ఎర్రరంగు పూయించాడు. తర్వాత తలుపుకు తాళం వేసి తాళంచెవి మెడలో కట్టుకున్నాడు. బండి వాగు అవతల తన గుహ ముందు ఉండేది. బడి దగ్గరికి వచ్చిన రోజున తలుపు తీసి, పిల్లల్ని దూరంగా నిలబెట్టి, కర్రతో ఒక్కొక్కటీ చూపించేవాడు.

"ఇది సుత్తి. అది ఉలి. చూశారా? చాలు. తలుపు వేస్తున్నా."

ఏదుపంది సూరమ్మ కూతురు ముళ్లి ఒకరోజు ఆగలేకపోయింది. "అయ్యా, అవతలి ఒడ్డు పిల్లలం రోజూ ఈ వాగు దాటి రావాలి. వానాకాలం వస్తే కొట్టుకుపోతాం. వెదురు వంతెన కట్టుకుంటాం. కత్తీ తాడూ ఇవ్వండి" అంటూ ముందుకొచ్చి కత్తి మీద చెయ్యి వేసింది.

చెళ్లుమని కర్ర దిగింది. ముళ్లి చెయ్యి వాచిపోయింది.

సూరమ్మ ఆ చెయ్యి చూసి నేరుగా జంబయ్య గుహకు వెళ్లింది. ఆమె ఒంటిమీది ముళ్లన్నీ నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"ఒరే నక్కా! ఆ బండి ఎవరి కోసం చేశారురా?"

"పిల్లల కోసమేనమ్మా" అన్నాడు జంబయ్య మెల్లగా, ఒక అడుగు వెనక్కి వేసి. "అందుకే జాగ్రత్తగా ఉంచుతున్నాను. వాళ్లు ముట్టుకుంటే పదును పోతుంది. రంగు గీసుకుపోతుంది. ప్రభువు చూడటానికి వస్తే నేనేం సమాధానం చెప్పుకోను?"

"వాగు పొంగి పిల్ల పోతే నాకేం సమాధానం చెప్తావు?"

"కోపం మంచిది కాదమ్మా."

"నాకు ఇప్పుడున్నది కోపమే. ఇంకేమీ లేదు" అంది సూరమ్మ. జంబయ్య గుహలోకి దూరి బండ అడ్డం పెట్టుకున్నాడు.

వానలు మొదలయ్యాయి. అవతలి ఒడ్డు పిల్లల్ని సూరమ్మ ఇవతల బంధువుల ఇళ్లల్లో సర్దింది. అంతలో సింహం బడి చూడటానికి వస్తోందని కబురొచ్చింది. జంబయ్య బండికి పూలదండలు చుట్టి, పైకెక్కి కూర్చున్నాడు.

భద్రయ్య వాగు దగ్గర ఆగాడు. "జంబయ్యగారూ, నీళ్లు ఎర్రగా వస్తున్నాయి. పైన గట్టిగా కురిసింది. ఎగువ రేవు నుంచి చుట్టూ తిరిగి వెళ్దాం."

"చుట్టూ తిరిగితే చక్రాలకు బురద అంటుకోదా? ప్రభువు ముందు బురద బండి పెట్టమంటావా? నీ పని లాగడం. లాగు!"

భద్రయ్య నిట్టూర్చి దిగాడు. నడివాగు దాటి ఇవతలి ఒడ్డుకు చేరువవుతుండగా చక్రం రెండు గుండ్ల మధ్య ఇరుక్కుంది. లాగితే రాలేదు, తోస్తే కదల్లేదు. నీళ్లు భద్రయ్య మెడదాకా వచ్చాయి. అతన్ని బండికి కట్టిన పలుపు పుటుక్కున తెగింది. అతను తడబడుతూ ఒడ్డెక్కాడు. బండి మీద జంబయ్య ఒక్కడే మిగిలాడు.

ఒడ్డున సింహం, గిజిగాడు, సూరమ్మ, బడి పిల్లలంతా నిలబడి ఉన్నారు. సింహం దూకబోయి, నీళ్ల వేగం చూసి కాలు వెనక్కి తీసుకుంది.

"కాపాడండి!" జంబయ్య గొంతు చించుకున్నాడు. "వెదుళ్లు నరకండి! తాళ్లు కట్టండి! మాస్టారూ, పిల్లలకు చెప్పండి!"

"కత్తులూ తాళ్లూ నీ కింద ఉన్నాయయ్యా" అన్నాడు గిజిగాడు. "తాళం తీసి అవన్నీ ఇటు విసురు."

జంబయ్య ఒక్క క్షణం తటపటాయించాడు. "అన్నీనా? బురదలో పడితే..."

ఇంతలో పెద్ద అల వచ్చి అతని తోకను తడిపింది. ఆ తర్వాత ఏ ప్రశ్నా లేదు. కత్తులు, సుత్తులు, గునపాలు, తాళ్ల చుట్టలు ఒకదాని వెనక ఒకటి ఒడ్డున వచ్చి పడ్డాయి.

పిల్లలు వాటి చుట్టూ నిలబడ్డారు. ఎవరూ వంగలేదు.

"తీసుకోండర్రా! ఏం చూస్తున్నారు?" జంబయ్య అరిచాడు.

కొండముచ్చు పిల్ల భయంభయంగా అడిగింది. "ముట్టుకుంటే కొట్టరుగా?"

సూరమ్మ అది విని వాగువైపు తిరిగింది. "విన్నావా? వీళ్లు ఒక్క ముడైనా వేసి ఎరుగుదురా? ఒక్క కత్తైనా పట్టనిచ్చావా? చూడటం నేర్పావుగా, చూస్తారు. నువ్వు మునిగేదాకా నిలబడి చూస్తారు!"

"అమ్మా, తర్వాత తిట్టు. ముందు కాపాడు!"

"నీ కోసం కాదు. ఈ పిల్లలు ఎవరైనా మునుగుతుంటే చూస్తూ నిలబడటం నేర్చుకోకూడదు" అంది సూరమ్మ. "మాస్టారూ, మొదలుపెట్టండి."

ఆ వానలోనే పాఠం మొదలైంది. గిజిగాడు ఒక్కో కొమ్మ మీదికి ఎగురుతూ చెప్పాడు. కత్తి ఇలా పట్టు. వెదురును కణుపు కింద కొట్టు. తాడు రెండు చుట్లు తిప్పి లోపలి నుంచి లాగు. కొండముచ్చు పిల్ల సుత్తితో తన వేలే కొట్టుకుని, ఏడుస్తూనే మళ్లీ కొట్టింది. మొదట కట్టిన కట్టు ఊడిపోయి వెదుళ్లు నీళ్లపాలయ్యాయి.

"తొందరగా! తొందరగా!" బండి మీంచి కేకలు.

"నేర్చుకోవడానికి టైం పడుతుందండీ" అంది ముళ్లి తలెత్తకుండా. వాపు తగ్గని చేతికి లొంగని ముడిని పళ్లతో బిగించింది.

రెండోసారి కట్టు నిలిచింది. భద్రయ్య వెదురు తడికను నీళ్లమీదుగా తోశాడు. దాని కొస బండి అంచున ఆనింది. జంబయ్య పొట్ట తడికకు ఆనించి, పాకుతూ ఒడ్డెక్కాడు. ఎక్కీ ఎక్కగానే ఒళ్లు విదిలించుకుని నేలమీద కత్తిని చూశాడు.

"అయ్యో, అంచు విరగ్గొట్టారు! ఎవరా గాడిద?"

సింహం గర్జించడానికి నోరు తెరిచింది. కానీ సూరమ్మ దానికంటే ముందే అడ్డం వచ్చింది.

"ఆగండి ప్రభూ. మీమీదా నాకు కోపమే. మీరు ఎప్పుడొచ్చినా బండి మెరుస్తోందా అని చూశారు. పిల్లలు ఏం చేశారని ఒక్కసారైనా అడిగారా? మీరు చూసి మెచ్చుకోవడానికే ఇతను దాచాడు."

సింహం గర్జన మానుకుని, గొంతు తగ్గించి, "తాళంచెవి ఇటివ్వు జంబయ్యా" అంది. దాన్ని అందుకుని వాగులోకి విసిరేసింది. "బండి ఇకనుంచి మాస్టారిది. నువ్వు నా కొలువుకు రానక్కర్లేదు."

జంబయ్య ఏదో అనబోయాడు. వినడానికి ఎవరూ ఆగలేదు. వాగు తగ్గుముఖం పట్టడంతో పిల్లలంతా గునపాలు తీసుకుని, భద్రయ్యతో కలిసి చక్రం కింద గుండ్లు పెకలించడానికి వెళ్లిపోయారు.

నీతి: పిల్లల చేతికి అందనివ్వని పనిముట్టు, దాచినవాడిని కూడా ఆదుకోదు.